భుజం మీద చెయ్యి

మొన్న నందికొట్కూరు నుంచి తిరిగి వస్తుంటే, రోడ్డు పక్కన ఒక బర్రెల కొట్టం మీద మా ఆర్టిస్టు వెల్లకిలా పడుకుని కనిపించాడు. ఆయన పోయి రెండేళ్ళు దాటింది. మొహంలో పెద్ద మార్పేమీ లేదు. ఎండకు కొంచెం వెలిశాడు, అంతే. మెడలో బంతిపూల దండ, చెవి పక్కన అగరొత్తుల పొగ, కడుపు మీద సొరతీగ. ఎడమ భుజం మీద మాత్రం తెల్ల పెయింటు మచ్చ. నేను బండి ఆపాను. ఆపానని గొప్పగా రాసుకుంటున్నాను గానీ, బండే ఆగిపోయింది. దానికీ ఆయన తెలుసు.

కొట్టానికి కప్పిన పాత ఫ్లెక్సీ అది. మా వైపు ప్రతి ఫ్లెక్సీకీ పునర్జన్మ ఉంది. ఎన్నికలయ్యాక ఏ కొట్టంలోకి తొంగి చూసినా పైన ఒక అభ్యర్థి రెండు చేతులూ జోడించి వేలాడుతుంటాడు, కింద బర్రె ఆయన వాగ్దానాలన్నీ విన్నట్టు నెమరేస్తుంటుంది.

కొట్టం ఆసామి బయటికొచ్చాడు. "ఏమప్పా, అట్ల జూస్తాండావు? నీకు తెలిసినోడా?"

"తెలిసినోడే."

"ఎవురో పాపం, మారాజు. వేరే ఊర్లో కొన్న పాత పట్ట ఇది. మొదట్లో ఈని మొగం లోపలికి పెట్టి కప్పినాం. బర్రె పైకి జూసేది, పాలు చేపకుండా నిలబడేది. తిప్పి కప్పినాంకనే దారికొచ్చింది."

ఆ బర్రెను నేను తప్పు పట్టను. బతికున్నప్పుడు కూడా ఆయన ఎదురుగా నిలబడి మామూలుగా పని చేసుకోవడం కష్టంగానే ఉండేది.

పేరు రాయను. రాసినా కర్నూల్లో ఎవరూ పోల్చుకోలేరు. ఊరంతటికీ ఆయన ఆర్టిస్టు. ఎర్రగడ్డల మార్కెట్టు వెనక సందులో ఫ్లెక్సీ షాపు. ఆ ఉల్లి ఘాటుకు సందులో అందరి కళ్ళూ ఎప్పుడూ నీళ్ళు కారుతూనే ఉంటాయి కాబట్టి, పెళ్ళి ఫ్లెక్సీ కోసం వచ్చినవాడెవరో చావు ఫ్లెక్సీ కోసం వచ్చినవాడెవరో మొహం చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు. మనిషి కరెంటు స్తంభమంత పొడుగు. ఆ స్తంభానికి ఎవరో కళ్ళద్దాలు తగిలించి, తీసుకోవడం మరిచిపోయి వెళ్ళినట్టుండేవాడు. మాట్లాడాలంటే నోట్లో వక్కాకు ఒక దవడ నుంచి ఇంకో దవడకు మారాలి. అది మారేలోపల ఎదుటివాడు తను చేసిన తప్పులన్నీ గుర్తు తెచ్చుకునేవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎన్ని సంబంధాలు చూసినా అమ్మాయి ఫోటో పక్కన తన ఫోటో సరిగ్గా కూర్చోలేదట.

ఆయన మనుషుల్ని మొహాలతో గుర్తుపెట్టుకోడు, తను ఆ మొహాల్లో చేసిన మరమ్మతులతో గుర్తుపెట్టుకుంటాడు. "ఏమప్పా, పోయిన ఉగాదికి నీ ముక్కు మీద పులిపిరి తీసేసి పంపిచ్చినా గదా, మల్ల యాడ్నుంచి తెచ్చుకున్యావు?" అని నడిబజార్లో నిలదీసేవాడు, ఇచ్చిన సరుకు మనం జాగ్రత్తగా వాడుకోలేదన్నట్టు.

చూపు కూడా అంతే. ముందు నుదురు మీద పడుతుంది, చెవుల మీదుగా దిగుతుంది, గడ్డం కింద ఆగుతుంది. దండ మొదలయ్యే చోట. నేను ఒకసారి విషజ్వరం నుంచి లేచి, గోడలు పట్టుకుని టీ తాగడానికి వస్తే ఎదురుపడ్డాడు. చూపు గడ్డం కింద ఆగింది. తల పక్కకు వంచి, వక్కాకు మార్చి, "నీకు ఎనకాల ఊదా రంగు బాగుంటాదప్పా" అన్నాడు. నేను టీ తాగకుండా ఇంటికెళ్ళి మళ్ళీ పడుకున్నాను.

అంతటి మనిషికీ ఒక నియమం ఉండేది. ఒక పెద్దాయన ఆస్పత్రిలో ఉంటే అనుచరులు పరుగున వచ్చారు. "డాక్టర్లు సాయంత్రం దాంక అన్యారు. సంతాపం ఫ్లెక్సీ రెడీగా పెట్టన్నా. సర్కిల్లో మాదే ముందు కట్టాల."

"పెద్దాయన్ను అడిగినారా?"

"ఆయన్నెట్ల అడుగుతామన్నా?"

"అయితే పోయినాంక రాండి. ఊపిరుండే మనిషికి నా చేత్తో దండెయ్యను."

పెద్దాయన లేచి కూర్చున్నాడు. తన పుట్టినరోజు ఫ్లెక్సీ కోసం ఆ అనుచరుల్నే పంపాడు. వాళ్ళకప్పుడు మొహాల్లో నెత్తురు చుక్క లేదు. ఆర్టిస్టే ఎర్ర రంగు కొంచెం ఎక్కువ కలిపి సర్దాడు.

సంతాపం ఫ్లెక్సీల్లో తన పనితనం గురించి ఒక మాట చెప్పేవాడు. "సచ్చినోళ్ళ ఫోటో యాదీ ఒంటిగా రాదప్పా. యా పెండ్లిలోనో తిరణాల్లోనో నవ్వుతా దిగింటారు. పక్కనోళ్ళను కత్తిరిస్తాం. అయినా భుజం మీద ఎవురిదో ఒగరి చెయ్యి మిగిలిపోతాది. దాన్ని చెరపడమే మా పని. మిగతాదంతా ఎవురైనా చేస్తారు." అలా కర్నూలు జిల్లాలో చనిపోయిన వాళ్ళందరి భుజాల మీది చేతుల్నీ చెరిపేసి, అందర్నీ ఒంటరిగా పైకి పంపినవాడు ఆయన.

సినిమా ఆ తర్వాత వచ్చింది. నిర్మాత కడపలో బోరు పైపుల వ్యాపారి. భూమిలోకి ఎంత లోతు దిగినా నీళ్ళు పడకపోయేసరికి, ఇక అక్కడ ఉండేవి దెయ్యాలేనని నిర్ధారణకొచ్చి దెయ్యం సినిమా తీశాడు. గండికోటలో తీశారు. దెయ్యం లేచే సీనులో వెనకాల టూరిస్టులు బజ్జీలు తింటూ లేచారని, ఆ బజ్జీల్ని తర్వాత కంప్యూటర్లో తీసేశారని విన్నాను. సినిమా పేరు చెప్పను. చూసినవాళ్ళు కూడా చెప్పడం లేదు. పోస్టరు మీద వాక్యం రాయడానికి నన్ను పిలిచారు, బొమ్మకు ఆర్టిస్టును.

"బొమ్మ జూస్తే మనిషి అన్నం మాని ఇంట్లో పండుకోవాల," అన్నాడు నిర్మాత.

ఆర్టిస్టు పోస్టరును చూసుకునే రకం కాదు, పోస్టరు చూసేవాళ్ళను చూసే రకం. షాపు ఎదురుగా భాయ్ టీ హోటలు. దాని పక్క గోడకు పోస్టరు కట్టి, హోటల్లో మూల కుర్చీలో కూర్చునేవాడు. జనం చేతిలో టీ గ్లాసు నోటి దగ్గర ఆగితే బొమ్మ పాసు. ఆగకపోతే చింపేస్తాడు.

మొదట జుట్టు విరబోసుకుని, కళ్ళు ఎర్రగా ఉన్న ఆడదెయ్యాన్ని కట్టాడు. అది మే నెల. మా ఎండలకు దెయ్యాలు కూడా చింతచెట్లు దిగి మంచినీళ్ళ ప్లాంటు దగ్గర వరసలో నిలబడే కాలం. ఒకాయన టీ పూర్తిగా తాగి, మూతి తుడుచుకుని, "ఈయమ్మ యా వార్డుకు నిలబడతాంది?" అని అడిగాడు. రెండోది లోయ, లోయలో పుర్రె. "గండికోటకు బస్సు ఎప్పుడుండాది భాయ్?" అన్నాడు ఇంకొకాయన.

ఆర్టిస్టు రెండింటినీ చింపేశాడు. మూడో బొమ్మ ఏమిటో తోచక, భోంచేయకుండా మూల కుర్చీలో కూర్చున్నాడు. అప్పుడు వీధి చివర ఇద్దరు మనుషులు నిచ్చెన వేసి, ఎవరిదో సంతాపం ఫ్లెక్సీ కట్టడం మొదలుపెట్టారు. ఇంకా చుట్ట విప్పలేదు. మొహం కనిపించలేదు. హోటల్లో గ్లాసులన్నీ ఆగిపోయాయి. భాయ్ పైనుంచి వంపుతున్న టీ కూడా గాల్లో ఆగిందని నేను ప్రమాణం చేయగలను. అందరి కళ్ళూ ఒకటే అడుగుతున్నాయి: ఎవరు? మనోడా?

ఆర్టిస్టు దవడలో వక్కాకు కదలడం మానేసింది.

"అదీ పోస్టరంటే," అన్నాడు.

అలా పుట్టింది. దెయ్యం సినిమాకు అచ్చం సంతాపం ఫ్లెక్సీ లాంటి పోస్టరు. దండ, దీపం, పొగ, మధ్యలో మొహం. ఎవరి మొహం? అక్కడ పని ఆగింది. హీరో వాళ్ళమ్మ మూడు పూటలా ఏడ్చింది. దర్శకుడు శ్రీశైలం మొక్కు అడ్డం పెట్టాడు. నిర్మాత, "నాకు షుగరుండాదప్పా, నాతో ఎకసక్కాలొద్దు" అన్నాడు. నా వైపు చూశారు. హాస్యరచయిత మొహం కడితే జనం నవ్వి పాడుచేస్తారని నేనే వాళ్ళకు గుర్తుచేశాను.

షాపులో అందరం లోపలి గది వైపు తిరిగాం. లోపల మిషను ఎవరిదో ఓణీల ఫంక్షను ఫ్లెక్సీని అంగుళం అంగుళం కక్కుతోంది.

"నాది ఎయ్యండి," అన్నాడు ఆర్టిస్టు.

"ఊపిరుండంగ దండెయ్యనంటివి గదన్నా?" అన్నాను.

"ఎదుటోళ్ళకు గదప్పా అనింది."

ఊరందరి మొహాలూ అచ్చేసినవాడికి సొంత ఫోటో ఒక్కటే ఉంది. కమలాపురంలో వాళ్ళక్క కొడుకు పెళ్ళిలో, అక్క పక్కన నిలబడి దిగింది. అక్కాతమ్ముళ్ళకు ఆ పెళ్ళి నుంచే మాటల్లేవు. పెళ్ళి ఫ్లెక్సీలో బావ ఫోటోను పెళ్ళికూతురి మేనమామ ఫోటో కంటే వేలెడు చిన్నది చేశాడు ఈయన. "కాంపోజిషను అట్ల అడిగింది" అన్నాడు. మా జిల్లాల్లో కాంపోజిషను కాదు, సాక్షాత్తూ దేవుడొచ్చి అడిగినా బావ ఫోటో తగ్గించకూడదు. బావ మండపంలోనే తువ్వాలు విదిలించి లేచాడు. ఆ వేలెడు మేర తర్వాత కమలాపురానికీ కర్నూలుకూ మధ్య ఉన్నంత దూరమైంది.

మా కళ్ళ ముందే ఫోటోలో అక్కను కత్తిరించాడు. ఎడమ భుజం మీద ఆమె చెయ్యి మిగిలింది. చెరపబోయి ఆగాడు. వక్కాకు మారింది.

"ఉండనీ," అన్నాడు.

ఆ చేతికి బూడిద కలిసిన నీలం పూశాడు. వేళ్ళు కొంచెం సాగదీశాడు. అంతే. నేను చెమటోడ్చి రాసిన పేరాగ్రాఫు మొత్తం కొట్టేసి, దీపం కింద 'త్వరలో' అని ఒక్క మాట ఉంచాడు. మిషను లోంచి ఆ ఫ్లెక్సీ జారుతూ బయటికొస్తుంటే, తయారుచేసినవాడు పక్కన నిలబడి ఉండగానే, నాకు వెన్ను చల్లబడింది. మే నెలలో, కర్నూల్లో.

రెండు జిల్లాల్లో కట్టారు. చూసినవాడు ముందు "అయ్యో" అనేవాడు. తర్వాత ఆ చేతిని చూసేవాడు. అది ఎవరిదని పక్కకు వెతికేవాడు, అక్కడ ఎవరూ ఉండరు. తర్వాత తన భుజం తడుముకునేవాడు. భాయ్ హోటల్లో మగవాళ్ళంతా వరసగా కూర్చుని భుజాలు తడుముకోవడం నేను చూశాను. మూల కుర్చీలో కూర్చుని ఆయన కూడా చూశాడు, బిడ్డ పెళ్ళి చూస్తున్నంత తృప్తిగా.

కానీ ఆయన పక్క కుర్చీలు ఖాళీ అవడం మొదలైంది. భాయ్ గ్లాసును చేతికివ్వడం మాని, బల్ల మీద పెట్టి చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. పెళ్ళివాళ్ళు సందు మొదట్లో ఫ్లెక్సీని చూసి, షాపులో అదే మొహాన్ని చూసి, "మల్లొస్తాం" అని వెళ్ళేవాళ్ళు. మళ్ళీ వచ్చేవాళ్ళు కాదు.

నిర్మాత మనుషులు కమలాపురం బస్టాండులో కూడా కట్టారు. అక్కడ వద్దని ఆర్టిస్టు చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నేను అడగలేదు.

మిట్టమధ్యాహ్నం ఆటో దిగింది వాళ్ళక్క. ఆకారంలో ఆయనకు సగం, గొంతులో రెండింతలు. అది కూడా అప్పటికే బొంగురుపోయింది. దారంతా ఆమె శోకానికి నంద్యాల దాటేసరికి బస్సంతా ముక్కు చీదుకుందని, డ్రైవరు మర్యాదకు హారను కొట్టలేదని తర్వాత తెలిసింది. చేతిలో పూలదండ. షాపు ముందు జనం లేకపోవడం చూసి అప్పుడే శవాన్ని ఎత్తేశారనుకుని గుండెలు బాదుకుంటోంది.

ఆర్టిస్టు సిరా చేతులతో బయటికొచ్చాడు. "ఏమక్కా, ఎప్పుడొస్తివి? అన్నం తింటివా?"

ఆమె ఏడుపు మధ్యలో తెగింది. దగ్గరికొచ్చి ఆయన చెంప ముట్టుకుంది. చెవి పట్టుకుని లాగి చూసింది.

"నువ్వు సావలేదా?"

"లేదక్కా. సినిమా అది. దెయ్యం సినిమా."

భాయ్ పరుగున వచ్చాడు. "మంచిదే లేమ్మా! కాకి నెత్తిన తంతే అయినోళ్ళకు అబద్దం సావు కబురు పంపరా? వాళ్ళు ఏడిస్తే గండం పోతాదంటారు గదా. నువ్వు ఏడిస్తివి, ఈయనకు ఆయుస్సు పెరిగింది."

ఆర్టిస్టు కూడా ఆ మాటే పట్టుకున్నాడు. "అవునక్కా. నీ పుణ్యాన ఇంకా శానా ఏండ్లుంటా."

ఆమె కొంచెం నవ్వబోయింది. నిజంగా నవ్వబోయింది. ఆ క్షణంలో గోడ మీది ఫ్లెక్సీ కంటబడకపోయి ఉంటే ఈ వ్యాసం ఇక్కడే, టీలతో, ముగిసేది. ఆమె గోడ దగ్గరికి నడిచింది. భుజం మీది చేతిని చూసింది. మణికట్టు మీద తేలు పచ్చబొట్టు. తన చేతిని పక్కన పెట్టి చూసుకుంది.

"ఇది నా చెయ్యి."

"అవునక్కా."

"నీలం ఏంటికి పూసినావు?"

ఆర్టిస్టు దవడ కదలలేదు. "దెయ్యం చెయ్యి గదక్కా."

"ఆ పొద్దు మీ బావ వద్దు వద్దంటాన్యా, ఇంటికొచ్చినాంక తిట్లు తినాలని తెలిసి గూడా, అంతమంది ముందర నీ భుజం మింద ఏసిన చెయ్యిరా ఇది." గొంతు పెంచలేదు. దానికే భయమేసింది. "దీన్నా దెయ్యం జేసినావు? ఇంగ నువ్వు నిజంగా సచ్చినా నేను రాను పో."

తెచ్చిన దండను ఫ్లెక్సీ మూల మేకుకు తగిలించి, అదే ఆటో ఎక్కింది.

"కాంపోజిషను..." అని ఏదో మొదలుపెట్టాడు ఆర్టిస్టు. ఎవరూ వినలేదు. ఆయన కూడా పూర్తి చేయలేదు.

వారం తర్వాత నన్ను వెంటబెట్టుకుని కమలాపురం పోయాడు. తలుపు మూసి ఉంది. కొట్టాడు. లోపల్నుంచి గొంతు మాత్రం వచ్చింది. "ఎవురు?"

"నేనేక్కా."

"నాకు తమ్ముడు ల్యాడు. కర్నూల్లో సావింటికి పొయ్యొచ్చి, ఆ పొద్దే తలకు పోసుకున్యా. సచ్చినోళ్ళు పిలిస్తే తలుపు తియ్యకూడదంట."

వాకిట్లో నిలబడ్డ ఇద్దరిలో ఎవరు బతికున్నామో నాకే కాసేపు అనుమానం వచ్చింది.

సినిమా వచ్చింది, పోయింది. ఫ్లెక్సీలు కొట్టాల మీదికి, వేరుశనగ బుడ్డల రాశుల మీదికి చేరాయి. ఆయన షాపు మూసి, తెల్ల పెయింటు డబ్బా, కుంచె పట్టుకుని ఊళ్ళ మీద పడ్డాడు. కొట్టం కనిపిస్తే ఎక్కేవాడు. "ఆ చెయ్యి ఒగటి చెరిపేసి పోతానప్పా, మొగం మీరే పెట్టుకోండి" అని బతిమాలేవాడు. ఆడవాళ్ళు పైన ఒక ఆయన్ని, పక్కన దండతో అదే ఆయన్ని చూసి పిల్లల్ని లోపలికి లాక్కునేవాళ్ళు. జీవితమంతా చేసిన పనే అది, చేతులు చెరపడం. ఇప్పుడది తెమలడం లేదు. ఒకటి చెరిపితే ఇంకో ఊళ్ళో ఇంకొకటి ఉందని కబురొచ్చేది. చిక్కిపోయాడు. భుజం ఎప్పుడూ కొంచెం పక్కకు వంచి నడిచేవాడు, బరువు దించుకోలేనట్టు.

ఒక మధ్యాహ్నం భాయ్ బల్ల మీద పెట్టిన టీ అలాగే మీగడ కట్టింది. మూల కుర్చీలో ఆయన కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, ఎదురు గోడను చూస్తూ. గోడ మీద ఏమీ లేదు.

ఇంకో షాపులో ఆయన సంతాపం ఫ్లెక్సీ వేయించి సర్కిల్లో కట్టాం. జనం ఆగారు, చదివారు, నవ్వారు. "రెండో భాగం వస్తాందంట" అనుకున్నారు. ఒకాయన, "ఈసారి చెయ్యి యాడ దాపెట్టినారప్పా?" అని నన్నే అడిగాడు. ఒకడు పక్కన నిలబడి సెల్ఫీ దిగాడు. నిజమని నేను చెప్పినకొద్దీ, ప్రచారం బలే చేస్తాండావని మెచ్చుకున్నారు. ముప్ఫై ఏళ్ళు జనాన్ని నవ్వించడం కోసం ఉన్నదానికి పదింతలు చెప్పిన నోరు నాది. ఉన్నదున్నట్టు చెప్పిన రోజు ఒక్కడూ నమ్మలేదు. షాపులో బల్ల మీద ఆయన, అటు నేను, ఇటు భాయ్.

కమలాపురానికి ఫోను చేశాను.

"మల్ల సినిమానా?" అంది ఆమె.

"కాదమ్మా. నిజంగానే..."

"పోయినసారి గూడా నిజంగానే ఏడిస్తి."

"అమ్మా, నా మాట..."

"నీ మాట నాకొద్దు. నువ్వు కతలు రాసేవానివంట గదా. వాన్ని ఒగ మాటంటే తిరిగి పది మాటలనేవాడు వాడు. ఫోను వాని చెవికాడ పెట్టు."

పెట్టాను. చిన్న శబ్దంగా తిట్లు మొదలయ్యాయి. దొంగ నా కొడకా అంది. నాయన కోసం దాచిన చియ్యల కూర తినేసి పిల్లి మీదికి నెట్టినోడా అంది. ఆగింది. నీకంటే గాడిద మేలు, పిలిస్తే చెవులన్నా ఊపుతాది అంది. ఆగింది. బావను వేలెడు చేసినోడా, నన్ను నీలం చేసినోడా అంది. ప్రతి తిట్టుకూ ఆగుతోంది, జవాబుకు చోటిచ్చి. ఆ చోటు పెద్దదవుతూ వచ్చింది. భాయ్ గోడ వైపు తిరిగాడు. నా చెయ్యి తిమ్మిరెక్కినా ఫోను తీయలేదు.

చివరికి, "రేయ్," అంది. అదొక్కటే.

"ఏమప్పా," అంది, ఈసారి నన్ను. "ఇంటాండావా?"

"వింటున్నానమ్మా."

"బస్టాండుకు పోతాండా. నేనొచ్చేదాంక ఎత్తొద్దండి."